గవ్వలరేవు ముక్కు

ఏప్రిల్ 3, సోమవారం

ఈ పొద్దున్న ఆరు నలభై బండి దగ్గర మూడు వాసనలు తగిలాయి. ఒకటి, ఉత్తరాన ఉన్న తొట్ల కంపు. ఎండ ఎక్కకముందు అది ఉడికిన క్యాబేజీలా ఉంటుంది, ఎక్కాక చచ్చిన పందికొక్కులా ఉంటుంది. రెండోది ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మూడువేల మంది మనుషులది. మూడోది ఏమిటో అంతుపట్టలేదు. రిజిస్టరులో ‘ఇతరములు’ అన్న గడిలో ఏదో రాసి, కొట్టేశాను.

మనుషుల గురించి రాయడం నాకు ఇష్టం ఉండదు. వాళ్ళు మురికివాళ్ళు కారు. తెల్లారకుండా లేచి స్నానం చేసి ఇస్త్రీ బట్టలు వేసుకుని వస్తారు. కానీ తన వాసన తనకు తెలియని మనిషి సబ్బు ఎక్కడ రుద్దాలో కొన్నాళ్ళకు మరిచిపోతాడు. ఆరీ ఆరని చొక్కా, నాలుగు రోజుల మేజోళ్ళు, పుల్లబడ్డ తలనూనె. వాళ్ళ మధ్య నుంచి నడిచేటప్పుడు నేను నోటితో ఊపిరి తీసుకుంటాను. అప్పుడు అదంతా నాలుక మీద పేరుకుంటుంది.

పద్దెనిమిదేళ్ళ కిందట పట్నంవాళ్ళు తమ చెత్తంతా కుళ్ళబెట్టి గ్యాసు తీసే తొట్లు మా గవ్వలరేవుకు ఉత్తరాన సముద్రం ఒడ్డున కట్టారు. ఆ ఏడాది సగం ఊరు వలస పోయింది. తర్వాత ముక్కు బిళ్ళ వచ్చింది. పెసరగింజంత ఉంటుంది, ముక్కు లోపల పైన అతికిస్తారు. దాంతో కంపు పోయింది. కాఫీ, ఇంగువ, పసిపిల్లల నెత్తి, అవీ పోయాయి. పోయినవాళ్ళు తిరిగొచ్చారు, కొత్తవాళ్ళు వచ్చారు. అద్దెలు తక్కువ, బండెక్కితే ఇరవై నిమిషాల్లో పట్నం. పట్నంలో ఉద్యోగం, ఇక్కడ నిద్ర.

తొట్ల నుంచి గ్యాసు కారితే పసిగట్టడానికి బిళ్ళ లేని ముక్కు ఊరికొకటి ఉండాలని రూలు పెట్టారు. ఇరవై మూడేళ్ళ వయసులో పరీక్ష పెట్టి నన్ను ఎంచుకున్నారు. ఉద్యోగం పేరు ఘ్రాణాధికారి. కాగితం మీద నూకరత్నం, ఊళ్ళో ముక్కు రత్నం. స్టేషను, మంచినీళ్ళ ట్యాంకు, బడి, బజారు రోజుకు రెండుసార్లు తిరిగి వాసన చూసి రాయాలి. నన్ను చేసుకున్నాయన ఆరేళ్ళు ఓపిక పట్టి వెళ్ళిపోయాడు. తను దగ్గరికి వచ్చినప్పుడల్లా నా మొహం ఎలా మారుతుందో తనకు తెలుసునన్నాడు.

ఏప్రిల్ 5, బుధవారం

మూడో వాసన ఎక్కడిదో దొరికింది. మా అప్ప కొట్టుది.

అప్ప పేరు వరాలమ్మ. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. స్టేషను ప్లాట్‌ఫారం చివర తన టిఫిను కొట్టు ఉంది. చేప బొండాలు, మిరపకాయ పచ్చడి. పట్నం వెళ్ళే బండి ఎక్కేముందు అయిదారు వందల మంది అక్కడ తింటారు, పొట్లాలు కట్టించుకుంటారు. బిళ్ళ ఉన్న నోటికి ఉప్పు, పులుపు, తీపి, కారం, ఇంతే తెలుస్తాయి. అందుకని అప్ప పచ్చట్లో కారం చేత్తో కాదు, గరిటెతో వేస్తుంది.

మూకుడులో నూనె కాగుతున్నంతసేపూ ఆ వాసన దాక్కుంది. అప్ప కొత్త వాయికి పిండి కలపడానికి బేసిను మూత తీసింది. తీపిగా, జిగటగా, గొంతులో వేలు పెట్టినట్టు ఒక కంపు లేచింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అప్ప ఆ ముద్దలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలుపుతూ, నవ్వుతూ నన్ను కూర్చోమంది.

చేప ఎక్కడిదని అడిగాను. ఇక్కడి సముద్రంలో చేప పోయి ఎన్నాళ్ళో అయింది. పట్నం నుంచి మధ్యాహ్నం రెండు నలభై బండికి తగిలించే చల్లని బోగీలో నూరిన చేప డబ్బాల్లో వస్తుందట. నెల నుంచి కొత్త కంపెనీ పంపుతోందట. ప్లాట్‌ఫారం మీద కొట్లన్నీ అదే కొంటున్నాయట.

“తేడాగా ఉందప్పా,” అన్నాను.

“నీకేటి తేడాగా లేదో సెప్పు,” అంది అప్ప.

నిజమే. నాకు తేడాగా లేనిది ఈ ఊళ్ళో ఏదీ లేదు. అప్ప కూతురు హైమ అప్పుడే వచ్చి, రెండు బొండాలు పొట్లం కట్టించుకుని, నా భుజం తట్టి బండెక్కేసింది. పట్నంలో కళ్ళద్దాల దుకాణంలో పని తనకి. అక్కడి స్టేషన్లో మా ఊరి బండికి వేరే దారి ఉంది. ఆ దారిలో నెత్తి మీద సన్నటి తుంపర చల్లుతారు. మొదటిసారి వెళ్ళొచ్చినప్పుడు ‘పిన్నీ, అక్కడ మనకి పన్నీరు జల్లుతారు’ అని హైమ మురిసిపోయింది. అది ఎందుకు జల్లుతారో ఇంతవరకూ నేను చెప్పలేదు.

ఏప్రిల్ 7, శుక్రవారం

రెండు నలభై బండి కోసం కాపు కాశాను. చల్లని బోగీలో సరుకు దింపించే మనిషి పేరు జగ్గారావు. యాభై ఏళ్ళుంటాయి, పట్నం మనిషి, ముక్కుకి మందంగా కర్పూరం గుడ్డ కట్టుకున్నాడు. నా గుర్తింపు కార్డు చూపించి ఒక డబ్బా తెరవమన్నాను. అతను నా మొహంలోకి చూసి, నాకు బిళ్ళ లేదా అని అడిగాడు. లేదంటే, వద్దన్నాడు. నేను పట్టుబట్టాను.

మూత కొంచెం లేచేసరికి నా కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఎండలో ఉబ్బిన కుక్క కళేబరం, దాని మీద పంచదార పాకం పోసినట్టు. కానాగంతలు, సూర చేపలు తలలతో సహా నూరి పడేశారు. బూడిదరంగు ముద్ద, పైన నురగ. పట్టాల మీదికి వంగి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. జగ్గారావు తన నీళ్ళ సీసా ఇచ్చాడు.

డబ్బా మీద కంపెనీ కాగితం అంటించి ఉంది. దాని అంచు గోటితో గీకితే కింద ఇంకో కాగితం కనిపించింది. పట్నంలో ఏదో హోటల్ వంటింటిది. ‘పారవేయవలసినది’ అని ఎర్ర అక్షరాలు.

“దీనికి కిరణాలు కొడతారమ్మా,” అన్నాడు జగ్గారావు నెమ్మదిగా. “పురుగు చస్తుంది. వాసన చావదు. వాసనతో మీ ఊరికి పని లేదు కదా అని ఇక్కడికి పంపుతారు. ఇంకే ఊరూ దీన్ని దింపుకోదు.”

ఆ మాట అంటున్నప్పుడు అతను సిగ్గుపడుతున్నాడని కళ్ళనిబట్టి తెలిసింది. సిగ్గుపడుతూనే మిగతా డబ్బాలు దింపించాడు.

అటునుంచి అటే అప్ప దగ్గరికి వెళ్ళాను. రెండు కాగితాల సంగతి చెప్పాను. అప్ప ఆశ్చర్యపోలేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, తనకు తెలుసునంది. మొదటి వారంలోనే ఒక కాగితం తడికి ఊడివచ్చిందట. నెల రోజులుగా ఎవరికీ ఏమీ కాలేదు, అందరూ లొట్టలేసుకుని తింటున్నారు, ఇక బాధేమిటి అని నన్నే అడిగింది. కుళ్ళిందని తెలిసి కన్నకూతురికి పొట్లం కట్టిన చేతులవి. నన్ను పెంచిన చేతులు కూడా అవే. చూడబుద్ధి కాలేదు.

ఈ పూట రిజిస్టరులో రాస్తానన్నాను. అప్ప నా చెయ్యి పట్టుకుంది. కొట్టు మూతపడితే ఇంకెప్పటికీ తెరవనివ్వరనీ, ఉన్న సరుకు సోమవారం పొద్దుటికి అయిపోతుందనీ, తర్వాత ఆ డబ్బా ముట్టుకోననీ బతిమాలింది.

“సోమారం దాకా ఆగే రత్నం. ఆ పైన నీ ఇష్టం.”

ఆగుతానన్నాను. రిజిస్టరులో ఈ రోజు పేజీలో ‘ఇతరములు’ గడి ఖాళీగా ఉంది. నేనే ఖాళీగా వదిలాను.

ఏప్రిల్ 10, సోమవారం

పొద్దున్న వెళ్ళిన బండి పొద్దున్నే తిరిగి రావడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఎనిమిది గంటలకు నేను ట్యాంకు దగ్గర ఉండగా కూత వినిపించింది.

బండి ఆగి తలుపులు తెరుచుకున్నాయి. జనం ఒకరి మీద ఒకరు పడుతూ దిగారు. మొహాలు, మెడలు వాతలు పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. చేతులనిండా దద్దుర్లు. కొందరు గుండె పట్టుకుని, కొందరు తల పట్టుకుని ప్లాట్‌ఫారం మీదే కూలబడ్డారు. బండి దారిలో ఉండగానే మొదలైందట. పట్నం స్టేషన్లో ఎర్రటి మొహాలు చూసి, అంటురోగం అనుకుని తలుపులు తెరవలేదు. అరగంట అలాగే బిగించి ఉంచి, బండిని వెనక్కి పంపారు.

ఆ అరగంటలో మూడో బోగీలో పీలా గౌరీశంకర్ చచ్చిపోయాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మొదటినుంచీ ఆయాసం మనిషి. పొద్దున్న అప్ప కొట్టులో నాలుగు బొండాలు తిన్నాడు. అతని తల హైమ ఒళ్ళో ఉంది. హైమ పెదవులు వాచి, కళ్ళు మూతలు పడి ఉన్నా ఆ తలను దించలేదు. ‘తలుపు తియ్యమని కొట్టాను పిన్నీ, వాళ్ళు అద్దం అవతల ముక్కులు మూసుకున్నారు’ అని చెప్పింది. తర్వాత సూది మందు వేశాక నిద్రపోయింది.

మా ఆస్పత్రి డాక్టరమ్మ అరవై ఒక్కమందికి మందు వేసింది. ఆ చేపలు కుళ్ళేకొద్దీ ఒక రకం విషం పెరుగుతుందట. పురుగును చంపినా ఆ విషం పోదు, ఉడికించినా పోదు, వేయించినా పోదు. ‘అంత కుళ్ళితే వాసన ఊరు లేచిపోయేలా ఉండి ఉంటుందే’ అంది డాక్టరమ్మ. ఆ తర్వాత నావైపు చూసింది.

ఇంటికొచ్చి నాలుగుసార్లు స్నానం చేశాను. ఈసారి వాసన బయటినుంచి రావడం లేదు.

ఏప్రిల్ 11, మంగళవారం

మునిసిపల్ చైర్మన్ అప్పన్నదొర గారు కబురు పెట్టారు. పట్నం నుంచి కాగితం వచ్చింది. గవ్వలరేవు ప్రయాణికుల వ్యక్తిగత అపరిశుభ్రత వల్ల ఈ రోగం పుట్టిందని అనుమానిస్తున్నారట. విచారణ అయ్యేదాకా బండి ఆపేశారు.

దొరగారు చెడ్డమనిషి కాదు. ఆయన కొడుకూ కోడలూ కూడా ఆ బండిలోనే వెళ్తారు. నా రిజిస్టరు తిరగేసి, మూడో తారీకు కొట్టివేత మీద వేలు పెట్టి, తర్వాత ఏడో తారీకు ఖాళీ గడి మీద వేలు పెట్టారు. చివరికి నెల మొత్తానికి ‘ఇతరములు: ఏమీ లేవు’ అని రాసి సంతకం పెట్టమన్నారు. వాసన వచ్చిందని రాస్తే ఊరి తప్పు అవుతుంది, రాకపోతే ఎవరి తప్పూ కాదు, బండి తొందరగా తిరుగుతుంది అని ఆయన లెక్క.

“మూడువేల మంది ఇళ్ళల్లో కూకున్నారమ్మా. పోయినోడు ఎలాగూ రాడు.”

ఆలోచించుకుంటానని రిజిస్టరు తీసుకుని వచ్చేశాను. మెట్ల మీద ఒక్కసారి నాకే తోచింది, సంతకం పెడితే నా ఖాళీ గడి కూడా కప్పబడిపోతుందని. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో! ఆ హాయే నాకు అన్నిటికన్నా ఎక్కువ కంపు కొట్టింది.

ఏప్రిల్ 12, బుధవారం

అప్ప మాయింటికొచ్చింది. ముక్కులో దూది ఉంది, దూది మీద రక్తం. నర్సు దగ్గరికెళ్ళి బిళ్ళ పీకించుకుందట. నర్సు ఎందుకని అడిగితే దురదగా ఉందని చెప్పిందట. వాసన తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పడుతుందని నర్సు చెప్పి పంపింది.

గౌరీశంకర్ పెళ్ళాం దగ్గరికి అప్ప పొద్దున్న వెళ్ళింది. ఆవిడ తిట్టలేదట. మంచినీళ్ళిచ్చి, మొన్న ఆయన జేబులో దొరికిన పొట్లంలో బొండా ఒకటి మిగిలి ఉంటే, తనూ పారెయ్యలేక, తినలేక అలాగే ఉంచానందట.

“ఆ బొండా సేతిలో పెట్టుకుని సూసేనే,” అంది అప్ప. “నాకేటీ తెలీలేదు. బాగున్నట్టే ఉంది. సంపేసినదాన్ని నేను, నాకేటీ తెలీకపోతే ఎలాగ?”

నేను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అప్ప జుట్టులోంచి, చీరలోంచి ఆ డబ్బా కంపు కొడుతూనే ఉంది. నోటితో ఊపిరి తీసుకోకుండా కూర్చోవడానికి ప్రయత్నించాను. కాసేపే కుదిరింది.

ఏప్రిల్ 21, శుక్రవారం

నాలుగు రోజుల నుంచీ అప్పకు ఒకటీ అరా తెలుస్తోంది. మొదట వెల్లుల్లి, తర్వాత కిరసనాయిలు. ఈ రోజు గాలి తిరిగి ఉత్తరం నుంచి వీచింది.

పదకొండు గంటలకు నేను అప్ప ఇంట్లో ఉన్నాను; తను పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉన్నట్టుండి కూలబడిపోయింది. నేను పరిగెత్తాను. తొట్ల కంపు. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఒక్కసారిగా. కక్కింది, మళ్ళీ కక్కింది. లోపలికి తీసుకెళ్తే ఇంటి వాసన తగిలింది. పరుపు, చాపలు, తువ్వాళ్ళు, గోడ వెనక చచ్చి ఎండిన ఎలుక. తన చీర తానే చింపుకుంటున్నట్టు విప్పేసింది. స్నానం చేయించాను. తల రుద్దుతుంటే చిన్నపిల్లలా నా నడుం పట్టుకుంది.

మధ్యాహ్నం కొట్టుకి తీసుకెళ్ళమంది. వద్దన్నా వినలేదు. పోలీసులు తలుపుకి తాళం వేశారు గానీ కిటికీ పలక ఊడి ఉంది. లోపల కడగని బేసిను ఉంది. అప్ప ఆ సందులో ముక్కు పెట్టి ఒకే ఒక్కసారి గుండెల నిండా పీల్చింది. ఈసారి కక్కలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, నా వైపు తిరిగింది.

“పద్దెనిమిదేళ్ళూ నువ్వు ఇందులోనే ఉన్నావా రత్నం?”

ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఏడుపు ఆగలేదు.

ఏప్రిల్ 25, మంగళవారం

విచారణ. స్టేషను హాల్లో జరిగింది. జనం ప్లాట్‌ఫారం నిండా, పట్టాల మీద కూడా నిలబడ్డారు. పట్నం నుంచి పరిశుభ్రత శాఖ అధికారి ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, ముక్కుకి కర్పూరం మాస్కు. కంపెనీ డబ్బాలను యంత్రాలతో పరీక్షించామనీ, వాటిలో ఒక్క క్రిమి కూడా లేదనీ చదివాడు. గవ్వలరేవువాళ్ళు శుభ్రత పాటించాలని సలహా ఇచ్చాడు. జనం తలలు దించుకుని విన్నారు. వాళ్ళకెలా తెలుస్తుంది? తాము కంపు కొడతామని ఒకడు చెబితే, కాదనడానికి వాళ్ళకు ముక్కు లేదు.

నా పేరు పిలిచారు. రిజిస్టరు బల్ల మీద పెట్టి, దొరగారి వైపు చూడకుండా, ఉన్నదున్నట్టు చెప్పాను. మూడో తారీకున రాసి కొట్టేశానని, ఏడో తారీకున డబ్బా తెరిచి చూశానని, రెండు కాగితాలు చూశానని, మా అప్ప కోసం మూడు రోజులు దాచానని. గౌరీశంకర్ పెళ్ళాం ముందు వరసలో ఉంది. ఆవిడ నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయలేను.

అధికారి నవ్వాడు. ఒక మనిషి ముక్కు సాక్ష్యం కాదన్నాడు.

అప్పుడు అప్ప లేచింది. జగ్గారావు ఆ పొద్దున్నే పట్నం నుంచి లారీ ఎక్కి వచ్చి ఒక డబ్బా ఇచ్చాడు, ఉద్యోగం పోతుందని తెలిసీ. అప్ప దాన్ని బల్ల మీద, అధికారి ముందు పెట్టింది. తన కొట్టులో వాడింది ఇదేననీ, కాగితం కింద కాగితం తను చూసిందనీ, చూసి కూడా అమ్మిందనీ చెప్పింది. చెప్పి మూత తీసింది.

నేను ఊపిరి బిగబట్టాను. అప్ప బిగబట్టలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. జనానికి ఏమీ కాలేదు.

“బాబూ, ఇందులో ఏటీ లేదన్నారు గదా,” అంది అప్ప. “ఆ మాస్కు ఓపాలి తియ్యండి.”

అధికారి తియ్యలేదు. అవసరం లేదన్నాడు. అప్ప మళ్ళీ అడిగింది. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కర్పూరం ఎంతసేపు ఆపుతుంది? ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కారాయి. మెడ నరాలు ఉబ్బాయి. చేత్తో మాస్కును ముక్కుకేసి నొక్కుకున్నాడు. లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు, మూడోది వెయ్యలేకపోయాడు. మాస్కులోనే కక్కుకున్నాడు. అది చెంపల పక్కనుంచి తెల్ల చొక్కా మీదికి కారింది.

వెయ్యి మంది ఆ మొహాన్నే చూస్తూ నిలబడ్డారు. నెల రోజులు తాము నమిలి మింగింది ఏమిటో వాళ్ళకు ఆ మొహం మీద కనిపించింది. హైమ పక్కనున్న ముసలాయన తన చొక్కా కాలరు ముక్కు దగ్గరికి తెచ్చుకుని పీల్చి, ఏమీ తెలియక, మళ్ళీ పీల్చాడు.

ఏప్రిల్ 26, బుధవారం

కంపెనీ మీద కేసు పెట్టారు. అప్ప మీద కూడా. పొద్దున్న పోలీసులు వచ్చి ఊళ్ళోని ఠాణాకి తీసుకెళ్ళారు. వెళ్తూ జీపు వాసనకి మొహం చిట్లించింది. నా మీద ఏం తేల్చలేదు. చల్లని బోగీ విప్పేశారు. బండి రేపటి నుంచి తిరుగుతుంది, తుంపర దారి మాత్రం అలాగే ఉంటుందట.

ఆస్పత్రి ముందు వరస ఉంది. హైమ మొదటిది. వరస బజారు దాటి ట్యాంకు దాకా వచ్చింది. నర్సు ఒక్కతే, సాయంత్రానికి మూడువందల పన్నెండు బిళ్ళలు పీకింది. అవన్నీ ఇనప ట్రేలో, చీమూ రక్తంతో, పెసరగింజల్లా. దొరగారు కూడా వరసలో నిలబడ్డారు. నన్ను చూసి తల తిప్పుకున్నారు.

ఏం వస్తుందో చెప్పమని ఒకావిడ నన్ను అడిగింది. మంచివి కూడా వస్తాయా అంది. వస్తాయి గానీ ఆలస్యంగా వస్తాయని చెప్పాను. ముందు మొగుడు కంపు కొడతాడు, ఇల్లు కంపు కొడుతుంది, తన ఒళ్ళు తనకే అసహ్యం వేస్తుంది. సగం మంది మళ్ళీ బిళ్ళ పెట్టమని తిరిగొస్తారు. ఆవిడ వరసలోనే నిలబడింది.

‘ఇతరములు’ గడిలో ఇలా రాశాను: వచ్చే వారం శుక్రవారానికి ఊళ్ళో మూడువందల పదముగ్గురు, అప్పను కలుపుకుని, తొట్లను వాసన చూస్తారు. బకెట్లు కావాలి.